సర్కారు తుమ్మ: కట్టెకు ధర ఉంది, వేరుకు లేదు

ఎండాకాలం చెరువులో పూడిక తీయడానికి పొక్లెయిన్ దిగితే దానికి మొదట అడ్డొచ్చేది ముళ్లకంపే, అంటే సర్కారు తుమ్మే. రెండు మూడు రోజుల్లో కంపంతా కొట్టి కుప్పలు పోస్తారు. ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు ఈ కట్ట నుంచి ఆ ఒడ్డు దాకా కనిపిస్తుంది. తొలకరి పడిన నెలకు అదే చెరువులో దిగి చూస్తే కథ వేరు. మా ఊరి చెరువులో నేలమట్టానికి కోసిన ఒక మొద్దు దగ్గర కూర్చుని చిగుళ్లు లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. ఇదివరకు ఒక్క మాను ఉన్నచోట ఇప్పుడు పద్నాలుగు మండలు లేస్తున్నాయి. వాటికి అప్పుడే ముళ్లు కూడా గట్టిపడుతున్నాయి.

దీన్ని వేళ్లతో సహా పీకేయాలని ఆయకట్టు రైతులు అంటారు. పీకితే పొయ్యిలోకి కట్టె ఎక్కడిదని ఇంకొకరు అడుగుతారు. బొగ్గు కాల్చేవాళ్లు మరో మాట అంటారు, జీవాలు కాసేవాళ్లు రెండు మాటలూ అంటారు. వీళ్లందరి దగ్గరా న్యాయం ఉంది. ఒకే చెట్టు మీద ఇన్ని తీర్పులు ఎలా వచ్చాయో చూడాలంటే మొదట ఆ చెట్టు ఏమిటో తెలియాలి.

## తుమ్మ కాని తుమ్మ, జమ్మికి చుట్టం

సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, చిల్లకంప, కంపచెట్టు. ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. శాస్త్రవేత్తలు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అంటారు. మనకు తరతరాలుగా తెలిసిన నల్ల తుమ్మ వేరే చెట్టు. నల్ల తుమ్మ పువ్వు పసుపు ముద్దలా గుండ్రంగా ఉంటుంది. సర్కారు తుమ్మ పువ్వు కంకిలా వేలాడుతుంది. నల్ల తుమ్మ ఆకును మేకలు ఇష్టంగా తింటాయి, దీని ఆకును ముట్టవు.

వంశం చూస్తే దీని దగ్గరి చుట్టం మన జమ్మి. దసరా నాడు మనం పూజించే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. రెండింటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో చాలాకాలం ఉంచారు. 2022లో శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని విడదీసి, జమ్మికి పాత పేరు ఉంచి, సర్కారు తుమ్మతో సహా అమెరికా ఖండాల చెట్లలో చాలావాటికి నెల్టుమా అనే పేరు ఇచ్చారు. నేల మీద ఈ రెండు చెట్ల నడత కూడా వేరు. రాజస్థాన్‌లో జమ్మి నీడన సజ్జ పండుతుంది. సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా పలచబడుతుంది. రాలిన ఆకుల్లోంచి నేలలోకి దిగే కొన్ని రసాయనాలు ఇతర విత్తనాల మొలకను అడ్డుకుంటాయని పరీక్షల్లో తేలింది.

## కడప జిల్లా కమలాపురంలో మొదలైన కథ

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, కరీబియన్ దీవులు. ఇది భారతదేశంలోకి వచ్చిన తొలి గుమ్మాల్లో ఒకటి మన కమలాపురం. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా, వృక్షశాస్త్రవేత్తగా పేరున్న లెఫ్టినెంట్ కల్నల్ బెడ్డోమ్ 1876లో విత్తనాలు తెప్పించమని ప్రభుత్వాన్ని కోరాడు. 1877లో జమైకా నుంచి విత్తనం వచ్చింది. దాన్ని కమలాపురంలో నాటారు.

ఆ సంవత్సరాలు మనకు మరో పేరుతో గుర్తు. ధాత కరువు. సీమలో జనం, పశువులు రాలిపోతున్న కాలంలో వానకు ఎదురుచూడకుండా బతికే చెట్టు, త్వరగా చేతికొచ్చే కట్టె కావాలనుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెట్టు ఆ పని చేసింది కూడా. తర్వాత ఉత్తరాన జోధ్‌పూర్ సంస్థానం దాన్ని ఆదరించి 1940లో రాజవృక్షంగా ప్రకటించింది. గుజరాత్‌లో రణ్ ఉప్పునేల ముందుకు పాకకుండా ఆపడానికి 1961లో కచ్ జిల్లాలోని బన్నీ పచ్చికబయళ్లలో అటవీశాఖ దీన్ని పెంచింది. ప్రభుత్వాలు నాటిన చెట్టు కనుక జనం సర్కారు పేరే పెట్టారు. కచ్‌లో దాన్ని 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ అంటారు.

## పరాయి మొక్క వేరు, ఆక్రమణ మొక్క వేరు

చర్చలో ఎక్కువ తికమక ఇక్కడే వస్తుంది. బయటి దేశం నుంచి వచ్చిందల్లా చెడ్డదైతే అనంతపురం వేరుశనగను, గుంటూరు మిరపను కూడా పంపేయాలి. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అవి మనిషి విత్తితేనే పెరుగుతాయి, మానేస్తే పోతాయి. అలాంటివాటిని పరాయి మొక్కలు అనొచ్చు, అంతే.

ఆక్రమణ మొక్క అనాలంటే ఇంకో రెండు లక్షణాలుండాలి. మనిషి చెయ్యి లేకుండా తనంతట తాను విస్తరించాలి. విస్తరించినచోట అప్పటికే ఉన్న గడ్డినో, మొక్కలనో, నీటి దారినో దెబ్బతీయాలి. సర్కారు తుమ్మకు రెండూ ఉన్నాయి. అయితే ఈ మాట చెట్టుకు ఎంత వర్తిస్తుందో చోటుకు కూడా అంతే వర్తిస్తుంది. ఉప్పు తేలి ఏ మొక్కా బతకని చవిటి నేలలో ఇది ఎవరి చోటూ ఆక్రమించడం లేదు. చెరువులో, వాగులో, మేత పోరంబోకులో అదే చెట్టు ఆక్రమణదారు.

## గొడ్డలికి ఎందుకు చావదు

దీని విస్తరణ రహస్యం కాయలో ఉంది. పండిన కాయ తియ్యగా ఉంటుంది, మాంసకృత్తులు కూడా బాగానే ఉంటాయి. ఎండాకాలంలో పచ్చి మేత ఏదీ లేని రోజుల్లో చెట్టు కింద కాయలు పరుచుకుని ఉంటే పశువు వదలదు. లోపలి గింజకు గట్టి పెంకు ఉంటుంది. పశువు కడుపులో ఆ పెంకు కొంచెం మెత్తబడుతుంది గానీ గింజ చావదు. పేడతో పాటు బయటికొచ్చి, ఎరువు, తడి రెండూ ఉన్న పేడముద్దలోనే మొలుస్తుంది. మేకలు, గొర్రెలు నమిలి కొన్ని గింజలను చంపుతాయి, పెద్ద పశువుల నుంచి ఎక్కువ గింజలు బతికి బయటపడతాయి. పశువు నడిచిన బాటే విత్తనం బాట. చెరువుకు నీళ్లకు దిగిన మందలే చెరువులో విత్తనం వేస్తున్నాయి. మిగిలినదాన్ని వాన నీరు మోసుకుపోతుంది. మొలవని గింజలు నేలలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి.

ఇక నరికినా లేవడం. చిగుళ్లు వేసే కణుపులు మొదలు దగ్గర, నేల కింద కొద్ది లోతు వరకు ఉంటాయి. నేలమట్టానికి కోస్తే అవన్నీ ఒక్కసారి మేల్కొంటాయి. కింద వేరు వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక ఆ బలమంతా కొత్త మండలకే వెళ్తుంది. జానెడు నుంచి అడుగు లోతు తవ్వి, ఆ ముడిని తీసేస్తేనే చెట్టు చచ్చినట్టు.

## ఊళ్లో ఎవరి కంటికి ఎలా కనిపిస్తుంది

కట్టెతో బతికేవాళ్లకు ఇది మంచి సరుకు. గట్టి కట్టె, పచ్చిగా ఉన్నా మండుతుంది, పొగ తక్కువ, నిప్పు నిలుస్తుంది. గుట్టల్లో కట్టె కోసం మైళ్లు నడిచిన ఆడవాళ్లకు ఊరి పక్కనే కంప దొరకడం ఎంత పెద్ద విషయమో గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో కూర్చుని అంచనా వేయలేం. సిలిండర్ వచ్చాక కూడా నీళ్లు కాగడానికి చాలా ఇళ్లలో ఈ కట్టే. వేరుశనగ చేనుకు అడవిపందులు రాకుండా కంచె వేయాలన్నా ఖర్చు లేకుండా దొరికేది ఈ కంపే.

బొగ్గు కాల్చే పని దగ్గరుండి చూస్తే దాని కష్టం తెలుస్తుంది. కట్టెను నిలువుగా పేర్చి, పైన ఆకు, గడ్డి కప్పి, తడిమట్టి మెత్తుతారు. నిప్పు పెట్టాక రోజుల తరబడి మనిషి పక్కనే కాపలా ఉండాలి. మట్టి పగిలి గాలి దూరితే లోపలంతా బూడిదే. సాధారణంగా అయిదు టన్నుల కట్టెకు ఒక టన్ను బొగ్గు వస్తుంది. కరువు సంవత్సరాల్లో, కూలి లేని నెలల్లో ఆ బట్టీలే కొన్ని కుటుంబాలను వలస పోకుండా ఆపాయి. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో మెట్ట రైతులు ఇంకో అడుగు వేశారు. పంట గ్యారంటీ లేని భూమిలో కంపను పెరగనిచ్చి, మూడు నాలుగేళ్లకోసారి కొట్టి బొగ్గు చేస్తారు. వాళ్లకు అది పంటే.

జీవాలు కాసేవాళ్ల మాట రెండు వైపులా సాగుతుంది. కరువులో కాయే ఆధారం. కానీ కంప ముసిరినచోట గడ్డి పోతుంది, మేత బాట మూసుకుపోతుంది, గొర్రెల బొచ్చు ముళ్లకు చిక్కుకుంటుంది, కాలిగిట్టలో ముల్లు విరిగితే చీము పట్టి ఆ జీవం మందతో నడవలేదు. కాయ ఒక్కటే నెలల తరబడి తిన్న ఆవులకు దవడ పట్టు తప్పుతుంది, నమలలేక చిక్కిపోతాయి. ఈ జబ్బును బ్రెజిల్‌లో 'కారా తోర్తా', అంటే వంకర ముఖం అంటారు. నమలడాన్ని నడిపే నరాలు దెబ్బతినడమే దాని కారణం.

ఆయకట్టు రైతుకు లెక్క తేలిక. చెరువులో కంప నిండితే నీరు నిలిచే చోటు తగ్గుతుంది, పూడిక చెట్ల మొదళ్ల దగ్గర పేరుకుంటుంది, వరద కాలువ మూసుకుపోతుంది. కట్ట మీద చెట్టు మరీ ప్రమాదం. వేరు కుళ్లినప్పుడు ఆ సందులోంచి నీరు దారి చేసుకుంటుంది. అందుకే 2015లో మొదలైన మిషన్ కాకతీయ లాంటి చెరువు పనుల్లో కంప కొట్టడం ఒక భాగమైంది.

## నీళ్లు తాగేస్తుందన్న మాటలో నిజమెంత

గాలిలో తేమ పీల్చేస్తుందనీ, వానలు రానివ్వదనీ ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. దానికి ఆధారం లేదు. ఏ చెట్టైనా వేరుతో నీరు తీసుకుని ఆకులతో ఆవిరిగా వదులుతుంది, ఇదీ అంతే. అసలు ప్రశ్న అది నేలలోంచి ఎంత తీసుకుంటుందన్నది.

ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో చెట్లకు పరికరాలు బిగించి కొలిస్తే సగటున ఒక్కో చెట్టు రోజుకు సుమారు 7 లీటర్లు తాగుతున్నట్టు తేలింది. ఈ అంకెతో మన లెక్క వేద్దాం. ఎకరాకు 400 చెట్లు అనుకుంటే రోజుకు 2,800 లీటర్లు. ఏడాదికి సుమారు 10 లక్షల 22 వేల లీటర్లు. ఎకరా అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. అంటే ఆ చెట్లు తాగింది సుమారు 250 మిల్లీమీటర్ల వాన. అనంతపురంలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దాదాపు సగం.

ఈ లెక్క భయపెడుతుంది కాబట్టి రెండు జాగ్రత్తలు చెప్పాలి. అఫార్ చెట్లు వరద నేలలో ఉన్నవి, మన గుట్ట మీది చెట్టుకు అంత నీరు అందదు. రెండోది, చెట్లు లేకపోయినా ఆ నీరంతా బావిలోకి దిగదు. గడ్డి కొంత తాగుతుంది, ఎండ కొంత తీసుకుపోతుంది, ఇంకొంత వాగులో పోతుంది. గడ్డికీ దీనికీ తేడా కాలంలో ఉంది. గడ్డి వానాకాలం అయ్యాక ఎండిపోతుంది. లోతు వేరున్న ఈ చెట్టు ఏప్రిల్, మే నెలల్లో కూడా పచ్చగానే ఉంటుంది, అంటే అప్పుడూ తాగుతూనే ఉంటుంది. కాబట్టి వాగులో, చెరువు లోపల, బావుల దగ్గర చిక్కగా ఉన్న కంప భూగర్భజలానికి నష్టమన్న రైతు మాటలో బలముంది. ఊరిబయట మెట్టలో పలచగా ఉన్న చెట్లకు అదే తీర్పు అంటగట్టలేం.

దోమల సంగతి వేరే. మాలి దేశంలో కొన్ని గ్రామాల్లో పూత కొమ్మలు కొట్టేస్తే మలేరియా దోమల సంఖ్య మూడింట రెండు వంతుల దాకా తగ్గిందని 2017లో ఒక పరిశోధన వెలువడింది. ఆ దోమలకు పూలలోని తేనె కూడా ఆహారం. మన దగ్గరి దోమలకు అది ఎంత వర్తిస్తుందో కొలిచాకే చెప్పాలి.

## కచ్, మదురై, కెన్యా: మూడు చోట్ల మూడు దారులు

బన్నీ దాదాపు 2,500 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు. అక్కడి మాల్ధారీలు ఆవుల మందలతో బతికినవాళ్లు. కంప విస్తరించాక కాయ తిని ఆవులు దెబ్బతిన్నాయి, ఆ కాయను కొంత తట్టుకునే గేదెల వైపు చాలామంది మళ్లారు. అదే సమయంలో బొగ్గు ఒక కొత్త ఆదాయమైంది. 2004లో అక్కడ బొగ్గు తయారీపై ఆంక్షలు సడలించారు. వేరుతో సహా తీస్తే మేలని ఆలోచన. కానీ కొట్టేవాళ్లు పైకట్టె తీసుకుని మొద్దులు వదిలేశారు, స్థానిక చెట్లు కూడా బట్టీల పాలయ్యాయి. 2008లో మళ్లీ నిషేధం వచ్చింది. అక్కడ కంప పోవాలనే పశుపోషకులకూ, బొగ్గుతో ఇల్లు గడుపుకునేవాళ్లకూ మధ్య గీత గీయడం కష్టం. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు.

తమిళనాడులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం రాష్ట్రమంతా దీన్ని తీసేయమని ఆదేశించింది. ఊళ్లలో యుద్ధప్రాతిపదికన పొక్లెయిన్లు దిగాయి. 2017లో అదే హైకోర్టు చెన్నై ధర్మాసనం ఆ తొలగింపును తాత్కాలికంగా ఆపింది. శాస్త్రీయంగా పరిశీలించకుండా అన్నిచోట్లా పీకితే కలిగే నష్టం సంగతేమిటన్నది అక్కడ తేలాల్సిన ప్రశ్న. 2022లో ఆ రాష్ట్రం ఆక్రమణ మొక్కల మీద ఒక విధానమే తెచ్చింది. తొలగింపుతో పాటు ఆ చోట స్థానిక మొక్కలను తిరిగి తేవడం అందులో భాగం.

కెన్యాలోని బారింగో ప్రాంతం కథ నన్ను వదలదు. కరువుకు తట్టుకుంటుందని 1980లలో అక్కడ ఈ చెట్టును నాటారు. చెరుకులాంటి తీపి కాయ తిని మేకల పళ్లు ఊడిపోయాయి, మేత నేల పోయింది. 2006లో ఇల్చామస్ తెగవాళ్లు ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు, పళ్లు లేని మేకను సాక్ష్యంగా కోర్టుకు తీసుకెళ్లారు. 2008లో ప్రభుత్వం దాన్ని హానికర కలుపుగా ప్రకటించింది. ఆ తర్వాత కెన్యా విధానం మళ్లీ వాడుకుంటూ అదుపు చేయడం వైపు మొగ్గింది. పీకడానికి డబ్బు లేనప్పుడు కట్టెనే డబ్బుగా మార్చాలన్నది ఆ వాదన.

## వాడుకుంటూ అదుపు చేయడం ఎక్కడ చెడుతుంది

ఆ వాదన వినడానికి బాగుంటుంది. మన పంచాయతీలు చేసే తుమ్మచెట్ల వేలంపాట కూడా దాదాపు అదే. పాడుకున్నవాడు కట్టె తీసుకుంటాడు, పంచాయతీకి నాలుగు డబ్బులొస్తాయి, చెరువు శుభ్రమవుతుంది. మరి ఎందుకు శుభ్రం కావడం లేదు?

ఒక ఎకరా తీసుకుందాం. అంకెలు లెక్క కోసం పెట్టినవే, మీ ఊరి ధరలు వేసుకుని చూడండి. 10 టన్నుల కట్టె, టన్ను 1,000 రూపాయలు. రాబడి 10,000. కొట్టి, మోసే ఖర్చు 6,000 పోతే 4,000 మిగులుతుంది. పాట పాడినవాడు సంతోషంగా వెళ్తాడు. అదే ఎకరాలో 400 మొద్దులున్నాయి. యంత్రం గంటకు 20 మొద్దులు పెకలిస్తే 20 గంటలు, గంటకు 1,000 చొప్పున 20,000 రూపాయలు. వేరుతో సహా తీయమనే షరతు కాగితం మీద ఉన్నా, 4,000 మిగిలేచోట 20,000 ఎవరు పెడతారు? పైగా మొద్దు వదిలేస్తే నాలుగేళ్లకు మళ్లీ కట్టె వస్తుంది, మళ్లీ పాట. బొగ్గు చేసేవారికి మొద్దు బతికుంటేనే లాభం. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, ఈ లెక్కే చెట్టును బతికిస్తుంది.

కట్టెకు ధర ఉంది, వేరుకు లేదు. నా దృష్టిలో మన ఊళ్లలో ఈ చెట్టు కథంతా ఈ రెండు ముక్కల్లో ఉంది. వేరు తీయాలంటే ఆ ఖర్చు కట్టె నుంచి రాదు, బయటి నుంచి రావాలి. ఉపాధి హామీలో జంగిల్ క్లియరెన్స్ పనులు ఆ లోటును కొంత పూడ్చేవే. కానీ కూలిని కొలిచేది శుభ్రం చేసిన విస్తీర్ణాన్ని బట్టయితే గడ్డపార కంటే గొడ్డలికే పని ఎక్కువ.

మూడో దారి పురుగులది. దక్షిణాఫ్రికా 1987 నుంచి అక్కడ పాతుకుపోయిన ఇదే కోవ ప్రోసోపిస్ చెట్ల విత్తనాన్ని మాత్రమే తినే పురుగులను వదిలింది. చెట్టును చంపే పురుగును కాకుండా విత్తనాన్ని తినేదాన్ని ఎంచుకోవడానికి కారణం, అక్కడ కూడా కాయను, కట్టెను వాడుకునే రైతులు ఉండడమే. విస్తరణ కొంత నెమ్మదిస్తుందని ఆశ, పూర్తిగా ఆగలేదు. కాయను మరలో పొడి చేసి దాణాగా పెట్టడం కూడా అదే కోవలోది. పిండిలో గింజ నలిగిపోతుంది కాబట్టి పేడతో వ్యాపించదు.

## కొట్టిన చోట ఏం వేస్తారన్నది

తీసేసిన నేల ఖాళీగా ఉంటే విత్తనం కాచుకుని ఉన్నది సర్కారు తుమ్మకే. అందుకే నీడ తొలగిన మొదటి వానకే అక్కడ గడ్డి విత్తడమో, చెరువైతే నీరు నింపడమో, పొలమైతే దున్నడమో జరగాలి. పట్టా భూమిలో ఇది సులువు, ఏటా నాగలి తిరుగుతుంది కాబట్టి కంప నిలవదు. పోరంబోకులోనే అసలు చిక్కు. అది అందరిదీ, మొక్క తీయడం ఎవరి పనీ కాదు. అన్నీ తీయకుండా, ఎకరాకు కొన్ని చెట్లను ఒక్కో మానుగా పెంచి, కింది మండలు కోసి, మధ్యలో గడ్డి రానివ్వడం కొందరు చెప్పే మధ్యే మార్గం. కట్టె, నీడ, మేత మూడూ దక్కుతాయి. ఏటా ఎవరో ఒకరు కొమ్మ కోయాలి, కొత్త మొలకలు తీయాలి. మానేసిన ఏడాదికే అది మళ్లీ కంప.

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా చెరువులో ఎండిన పేడముద్ద ఒకటి కాలితో తిప్పి చూస్తే లోపల నుంచి అయిదు మొలకలు. వేళ్లతో పట్టి లాగితే తడి నేలలోంచి వేరుతో సహా వచ్చేశాయి. ఒక్క నిమిషం పని. రెండో ఏట ఆ మొక్కకే గడ్డపార కావాలి. అయిదో ఏట పొక్లెయిన్.